కొత్త వరసలో బటన్ ఎందుకు పలకదు?

అందరికీ నమస్కారం. ఆదివారం పూట మారతహళ్లి దాకా వచ్చినందుకు సంతోషం. సిల్క్‌బోర్డు ట్రాఫిక్ దాటుకుని వచ్చినవాళ్లకైతే రెండు నమస్కారాలు.

బెంగళూరొచ్చిన కొత్తలో నేను జావాస్క్రిప్ట్‌తో వెబ్‌పేజీలో ఒక బిల్లు ఫారం రాశాను. 'వరస చేర్చు' నొక్కితే కింద కొత్త వరస, దాని చివర చెత్తబుట్ట బొమ్మతో డిలీట్ బటన్. పాత వరసల్లో పనిచేసేది. కొత్తదాంట్లో ఉలుకూ పలుకూ లేదు. బ్రౌజర్ తప్పులు చూపించే కన్సోల్‌లో ఎర్రగా ఏమన్నా కనబడితే అదో ధైర్యం, అదీ లేదు. పేజీ తెరుచుకోగానే క్వెరీసెలెక్టర్‌ఆల్‌తో బటన్లన్నీ ఏరి ఒక్కోదానికీ లిజనర్, అంటే క్లిక్ పడితే నడిచే ఫంక్షన్, తగిలించాను మరి. బళ్లో హాజరు వేసేశాక వచ్చిన పిల్లాడి పేరు పట్టీలో ఎందుకుంటుంది?

అప్పుడు నేను చేసిన తెలివైన పని, వరస చేర్చిన ప్రతిసారీ అన్నిటికీ మళ్లీ తగిలించడం. మూడు వరసలు చేర్చి, మొదట్నుంచీ ఉన్న పాత వరసలో డిలీట్ నొక్కితే 'తీసేయమంటారా?' అని నాలుగుసార్లు అడిగింది! అదే ఫంక్షన్‌ని మళ్లీ ఇస్తే బ్రౌజర్ పట్టించుకోదు. నేనేమో అక్కడికక్కడే పేరులేని యారో ఫంక్షన్ రాసేవాణ్ని, దాని లెక్కలో ప్రతిసారీ అది కొత్తదే.

క్లిక్ బటన్ దగ్గరే ఆగిపోదు. వరస, వరసలన్నీ ఉండే టీబాడీ, టేబుల్ అంటూ డాక్యుమెంట్ దాకా పైకి పోతుంది, అదే బబ్లింగ్. కాబట్టి మొదట్నుంచీ ఉండే టీబాడీకి ఒకే లిజనర్ పెట్టి, లోపల ఈవెంట్ టార్గెట్, అంటే క్లిక్ సరిగ్గా దేనిమీద పడిందో చూసుకుంటే చాలు. ఒక మెలిక ఉంది. వేలు చెత్తబుట్ట మీద పడితే టార్గెట్ బటన్ కాదు, ఆ బొమ్మ ఎస్‌వీజీ లోపలి పాత్ అనే గీత. టార్గెట్ ఒక్కదాన్నే చూసే మ్యాచెస్ వాడితే అక్కడే దెబ్బతింటాం. క్లోజెస్ట్ అయితే బొమ్మ నుంచి పైకెక్కి బటన్‌ని పట్టుకుంటుంది. బటనేదీ దొరక్క నల్ వస్తే రిటర్న్ కొట్టేయండి.

కొత్త సంగతేం కాదిది. జేక్వెరీ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీలో 2009లోనే ఇందుకు లైవ్ అనే ఫంక్షన్ ఉండేది, 2011లో దాని బదులు ఆన్ వచ్చింది, 2013లో లైవ్‌ని ఎత్తేశారు. రియాక్ట్ అనే లైబ్రరీ లోపలా ఇదే, 17వ వెర్షన్‌కి ముందు డాక్యుమెంట్‌కి తగిలించేది, ఇప్పుడు యాప్ అంతా ఉండే రూట్ ఎలిమెంట్‌కి.

గడిలోకి వెళ్తే వచ్చే ఫోకస్, బయటికొస్తే వచ్చే బ్లర్ మాత్రం పైకి రావు, ఫోకస్‌ఇన్, ఫోకస్‌అవుట్ వాడుకోవాలి. మధ్యలో ఎవరైనా ఈవెంట్‌ని పైకి పోనివ్వని స్టాప్‌ప్రొపగేషన్ రాసుంటే టీబాడీకి కబురే అందదు.

ల్యాప్‌టాప్‌లు తెరవండి. వరసలో ఏదో ఒక అంకె టైపు చేసి, టీబాడీ లోపలి హెచ్‌టీఎమ్‌ఎల్ అంతా ఉండే ఇన్నర్‌హెచ్‌టీఎమ్‌ఎల్‌కి ప్లస్ ఈక్వల్‌తో ఇంకో వరస చేర్చండి. అంకె పోయిందా? లోపలి వరసలన్నీ మళ్లీ కొత్తగా తయారయ్యాయి మరి. బటన్లకి విడిగా తగిలించినవీ పోయుంటాయి. ఇప్పుడు డిలీట్ నొక్కండి, టీబాడీ మీదది ఇంకా పలుకుతోందో లేదో చూద్దాం.