అలెక్సి లాయిహో: అరిచే గొంతు, పరిగెత్తే చెయ్యి

హోస్ట్: మాస్టారూ, ఫిన్లాండ్ మెటల్ సంగీతకారుడు అలెక్సి లాయిహో అనగానే అందరూ గిటార్ సోలోల గురించే మాట్లాడతారు. మీరేమో అది సగమే అంటారు.

మాస్టారు: సగమేనమ్మా. చిల్డ్రన్ ఆఫ్ బోడమ్ అనే తన బ్యాండ్‌లో పాడిందీ అతనే, లీడ్ గిటార్ వాయించిందీ అతనే, పాటల్లో ఎక్కువ భాగం కట్టిందీ అతనే. ఒకే మనిషి రెండు పనులూ చేయాలి కాబట్టే ఆ పాటలకి ఆ రూపం వచ్చింది. రిఫ్, అంటే పాటలో మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ వరస, దాని ఒత్తిడి ఎక్కడ పడుతుందో అరుపు కూడా అక్కడే పడుతుంది. వేళ్లు గిటార్ మెడ మీద పైకీ కిందికీ పరిగెత్తే చోట గొంతు తప్పుకుంటుంది, ఆ ఖాళీలోకి కీబోర్డు వస్తుంది.

హోస్ట్: మొదట్నుంచీ చెప్పండి. ఎక్కడివాడు?

మాస్టారు: హెల్సింకి పక్కనే ఉన్న ఎస్పో. 1979 ఏప్రిల్ 8న పుట్టాడు. చిన్నప్పుడు వయొలిన్ నేర్చుకుని, పదకొండేళ్లకి గిటార్ పట్టాడు. తర్వాత హెల్సింకిలోని ఔలున్‌కూలా పాప్ అండ్ జాజ్ సంగీత పాఠశాలలో చదివాడు. 1993లో డ్రమ్మర్ యాస్కా రాటికాయినెన్‌తో కలిసి ఇన్‌ఎర్త్‌డ్ అనే బ్యాండ్ పెట్టాడు. మూడు డెమోలు, అంటే నమూనా రికార్డింగులు, చేశారు. ఓ బెల్జియం రికార్డు కంపెనీతో ఒప్పందం కుదిరింది. ఇంతలో ఫిన్లాండ్‌లోనే స్పైన్‌ఫార్మ్ అనే కంపెనీ నుంచి మంచి అవకాశం వచ్చింది. పాత ఒప్పందం నుంచి బయటపడడానికి బ్యాండ్ పేరే మార్చేశారు.

హోస్ట్: అలా వచ్చిందా బోడమ్ పేరు!

మాస్టారు: బోడమ్ అనేది ఎస్పోలోని చెరువు. 1960 జూన్‌లో దాని ఒడ్డున గుడారం వేసుకున్న నలుగురు యువతీయువకుల్లో ముగ్గురు హత్యకు గురయ్యారు. ఆ కేసు ఇప్పటికీ తేలలేదు. ఎస్పో పిల్లలు వింటూ పెరిగిన కథ కాబట్టి ఆ పేరు వాళ్లకి అతికినట్టు సరిపోయింది. 1997లో తొలి ఆల్బమ్ 'సమ్‌థింగ్ వైల్డ్', 1999లో 'హేట్‌బ్రీడర్', 2000లో 'ఫాలో ద రీపర్', 2003లో 'హేట్ క్రూ డెత్‌రోల్'. మొదటి రికార్డు వచ్చేటప్పటికి అలెక్సికి పద్దెనిమిదేళ్లే.

హోస్ట్: ఆ సంగీతం వింటే మన చెవికి ఎక్కడో తెలిసినట్టే ఉంటుంది. ఎందుకంటారు?

మాస్టారు: కీరవాణి! పాశ్చాత్యులు హార్మోనిక్ మైనర్ అనేది మన ఇరవయ్యొకటో మేళకర్త కీరవాణి స్వరాలే. శుద్ధ ధైవతం నుంచి కాకలి నిషాదానికి వేసే ఆ పెద్ద అంగ ఉంది చూడు, అలెక్సి సోలోల్లో రాజసం అక్కడే ఉంటుంది. ఆ నిషాదాన్ని కైశికికి దించితే నటభైరవి, అంటే మామూలు మైనర్. రిఫ్‌లలో ఎక్కువగా అది వినిపిస్తుంది. సోలోకి వచ్చేసరికి కీరవాణి వైపు మళ్లుతుంది. సంగీతం నేర్చుకున్నవాళ్లు ఈ రెండు స్కేళ్ల ఆరోహణ అవరోహణ గిటార్ మీద పలికిస్తే సగం దారి వచ్చేసినట్టే. కాకపోతే గమకాలు వద్దు. ఇక్కడ ప్రతి స్వరమూ సూటిగా, విడివిడిగా పడాలి.

హోస్ట్: ఇక వాద్యం. ఆ వి ఆకారపు గిటార్?

మాస్టారు: మొదట్లో జాక్సన్ కంపెనీ రోడ్స్ మోడల్, తర్వాత ఈఎస్‌పీ కంపెనీలో తన పేరుతోనే వచ్చిన మోడళ్లు. తీగలు ఆనే బ్రిడ్జ్ దగ్గర ధ్వనిని పట్టే పికప్ ఒకే ఒక్కటి, స్ప్రింగుల మీద కదిలే ఫ్లాయిడ్ రోజ్ రకం బ్రిడ్జ్, లోపల సిగ్నల్‌ని పెంచే బూస్టర్ సర్క్యూట్. మెడ వైపు పికప్ లేదు కాబట్టి సోలోలో కూడా ఆ పదునే వినిపిస్తుంది. బూస్టర్ 9 వోల్టుల బ్యాటరీ మీద నడుస్తుంది. బ్యాటరీ నీరసిస్తే ధ్వని బొంగురుపోతుంది. అప్పుడు చాలామంది ఆంప్లిఫయర్‌ని అనుమానిస్తారు. ముందు చూడాల్సింది బ్యాటరీ.

హోస్ట్: కూర్చుని వాయిస్తే జారిపోతుందిగా అది?

మాస్టారు: కుడి తొడ మీద పెడితే జారుతుంది. క్లాసికల్ గిటార్‌లా పట్టుకోవాలి. వి కింది రెక్క రెండు కాళ్ల మధ్యకి రావాలి, మెడ కొంచెం పైకి లేవాలి. అప్పుడు ఎడమ మణికట్టు మీద బరువు పడదు, పై ఫ్రెట్లు, అంటే మెడ మీది మెట్లు, అందుతాయి.

హోస్ట్: ట్యూనింగ్?

మాస్టారు: తొలి ఆల్బమ్‌లకి డి స్టాండర్డ్. లావు తీగ నుంచి డి, జి, సి, ఎఫ్, ఎ, డి. అన్ని తీగలూ మామూలు కంటే ఒక పూర్తి స్వరం కిందకి. 2005 నాటి 'ఆర్ యూ డెడ్ యెట్?' దగ్గరికి వచ్చేసరికి లావు తీగ ఇంకో స్వరం దిగి సి అయింది. ఫ్లాయిడ్ రోజ్ ఉన్న గిటార్‌తో ఇక్కడే అందరూ చిక్కుకుంటారమ్మా.

హోస్ట్: ఏమవుతుంది?

మాస్టారు: ఆ బ్రిడ్జ్ తక్కెడ లాంటిది. ముందు నుంచి తీగలు లాగుతాయి, వెనక నుంచి స్ప్రింగులు లాగుతాయి. తీగలు వదులు చేశావంటే స్ప్రింగులదే పైచేయి, బ్రిడ్జ్ వెనక్కి మునుగుతుంది. తీగలు ఫ్రెట్లకి తగిలి జరజరమంటాయి. అందుకని ముందు 10-52 లావున్న తీగల సెట్ వెయ్యి. వెనక మూత తీసి, స్ప్రింగుల కొక్కేన్ని పట్టుకున్న రెండు స్క్రూల్ని పావు చుట్టు చొప్పున వదులు చెయ్యి. చేసిన ప్రతిసారీ ఆరు తీగలూ మళ్లీ శ్రుతి చెయ్యాలి, ఒక తీగ మారితే మిగతా అయిదూ కదులుతాయి కాబట్టి. బ్రిడ్జ్ పలక గిటార్ ఒంటికి సమాంతరంగా వచ్చేదాకా ఇదే పని. మొదటిసారి గంట పట్టినా విసుక్కోవద్దు. చివర్లో ఫైన్ ట్యూనర్లు, అంటే బ్రిడ్జ్ మీద శ్రుతి సవరించే చిన్న మరలు, నడిమధ్యలో పెట్టి, తీగలు బాగా సాగదీసి, అప్పుడే మెడ పై చివర నట్ దగ్గర లాక్ బిగించాలి. ఫైన్ ట్యూనర్లు ఒక చివరన ఉండగా లాక్ చేస్తే తర్వాత సవరించడానికి చోటుండదు.

హోస్ట్: ఇంత చేసినా రిఫ్ అపశ్రుతి పలుకుతుందని చాలామంది అంటారు.

మాస్టారు: అరచేతితో తీగల మోత అణిచి మ్యూట్ చేసేటప్పుడు బ్రిడ్జ్ మీద బరువు వేస్తున్నారన్నమాట. బ్రిడ్జ్ వెనక్కి వంగి స్వరం పైకి పోతుంది. చెయ్యి తీగల మీద ఆనాలి, అంతే, నొక్కకూడదు.

హోస్ట్: ఇప్పుడు అసలు ప్రశ్న. పాడుతూ వాయించడం ఎలా?

మాస్టారు: ముందు రిఫ్ ఒక్కటే. ఎవరైనా పక్కన కూర్చుని ప్రశ్నలడిగినా సమాధానం చెబుతూ తప్పు పోకుండా వాయించగలిగితే అది చేతికి వచ్చినట్టు. తర్వాత సాహిత్యాన్ని అక్షరాలుగా విడగొట్టి, ఏ అక్షరం ఏ పిక్ (తీగలు మీటే చిన్న పలక) దెబ్బ మీద పడుతుందో కాగితం మీద గుర్తు పెట్టుకో. అసలు వేగంలో సగానికి మెట్రోనోమ్ (తాళం టిక్కుమనిపించే యంత్రం) పెట్టి, మామూలు మాటలా చదువుతూ వాయించు. అరుపు అప్పుడే వద్దు. వరసగా నాలుగుసార్లు తప్పు లేకుండా వస్తే నిమిషానికి 5 బీట్లు పెంచు. గొంతూ చెయ్యీ విడిపోతే తప్పు గొంతుది అనుకుంటాం. ఎక్కువసార్లు కుడిచెయ్యే తడబడుతుంది, మాటలోని ఒత్తుని పిక్ అనుకరించేస్తుంది కాబట్టి.

హోస్ట్: ఆ అరుపు?

మాస్టారు: గొంతు బిగించి చేసేది కాదు. కడుపు నుంచి ఊపిరి నిలకడగా రావాలి, పక్కనున్నవాళ్లు ఉలిక్కిపడేంత శబ్దం అక్కర్లేదు, మిగతాది మైకు చూసుకుంటుంది. రోజుకి పది పదిహేను నిమిషాలు చాలు. నొప్పి వచ్చినా, గొంతు బొంగురుపోయినా ఆ రోజుకి ఆపేయాలి.

హోస్ట్: చివరి రోజులు బాధగా ఉంటాయి, అయినా చెప్పండి.

మాస్టారు: 2019లో పదో ఆల్బమ్ 'హెక్స్‌డ్'. అదే ఏడాది డిసెంబర్ 15న హెల్సింకి ఐస్ హాల్‌లో ఆఖరి ప్రదర్శన. పాత సభ్యులు విడిపోయారు, వాళ్ల అనుమతి లేకుండా చిల్డ్రన్ ఆఫ్ బోడమ్ పేరు వాడుకునే వీలు అలెక్సికి లేకపోయింది. పద్దెనిమిదేళ్లప్పుడు పేరు మార్చుకుని లేచిన మనిషి నలభై ఏళ్లకి మళ్లీ పేరు మార్చుకోవాల్సి వచ్చింది: బోడమ్ ఆఫ్టర్ మిడ్‌నైట్. మూడు పాటలు రికార్డు చేశారు, రెండు సొంతవి, ఒకటి వేరే బ్యాండ్‌ది. 2020 డిసెంబర్ 29న అలెక్సి పోయాడు, నలభై ఒక్క ఏళ్లకే. ఏళ్ల తరబడి తాగుడు వల్ల కాలేయం, క్లోమం దెబ్బతిన్నాయని తర్వాత కుటుంబం చెప్పింది. ఆ మూడు పాటలూ 2021 ఏప్రిల్‌లో వచ్చాయి.

హోస్ట్: కొత్తగా వినేవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి?

మాస్టారు: 'ఫాలో ద రీపర్'. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, మొదటిసారి గిటార్‌ని వదిలేసి యానె విర్మన్ కీబోర్డు ఒక్కటే వినండి. రెండోసారి గొంతు. మూడోసారి మాత్రమే గిటార్. తర్వాత ఆ ఆఖరి ఐస్ హాల్ ప్రదర్శన, 2023లో ఆల్బమ్‌గా వచ్చింది. ఇరవై ఏళ్ల కిందటి పాటల్ని అదే చెయ్యి, అదే గొంతు ఎలా మోశాయో పక్కపక్కనే పెట్టి వినొచ్చు.