మ్యాగజైన్ జారి పడకపోతే

(విజయవాడలో పిస్టల్ షూటింగ్ నేర్చుకుంటున్నవారి శిక్షణ తరగతిలో ఆయుధాలు బాగుచేసే విశ్రాంత ఆర్మరర్ ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఈ ఉదయం రేంజ్‌లో ఒక అమ్మాయి అయిదు రౌండ్ల సిరీస్‌లో మూడు కాల్చాక పిస్టల్ ఆగిపోయింది. తూటాలు పెట్టే డబ్బా, అంటే మ్యాగజైన్, తీయడానికి బొత్తాం నొక్కింది. అది అర అంగుళం దిగి నిలిచిపోయింది. వెనకనుంచి ఎవరో "గట్టిగా లాగమ్మా" అన్నారు. ఆమె లాగలేదు. పిస్టల్ మూతిని టార్గెట్ వైపే ఉంచి, ట్రిగ్గర్ మీద నుంచి వేలు తీసి, రెండో చెయ్యి ఎత్తి రేంజ్ ఆఫీసర్‌ను పిలిచింది. ఈ రోజు నేను చెప్పాలనుకున్న దానిలో సగం ఆమె చేసి చూపించింది. మిగతా సగం ఇప్పుడు చెబుతాను.

అన్నిటికంటే ముందు ఒక ప్రమాదం గురించి. మ్యాగజైన్ ఇరుక్కుని, అందులో తూటాలు మిగిలి ఉన్నాయనుకోండి. పిస్టల్ ఖాళీ చేద్దామని, దాని పైభాగంలో ముందుకూ వెనక్కీ కదిలే స్లైడ్‌ను వెనక్కి లాగి వదిలితే, గొట్టం వెనక తూటా కూర్చునే గది అయిన చాంబర్‌లోని తూటా బయట పడుతుంది. ఆ వెంటనే మ్యాగజైన్‌లోని పై తూటా వెళ్లి దాని చోట కూర్చుంటుంది. తూటా ఎగిరి కింద పడటం కంటితో చూశాం కాబట్టి పిస్టల్ ఖాళీ అయిందని మనసు నమ్మేస్తుంది. అనుభవం ఉన్నవారు కూడా ఇక్కడే మోసపోతారు. అందుకని స్లైడ్‌ను పూర్తిగా వెనక్కి లాగి, దాన్ని ఆపే మీట అయిన స్లైడ్ స్టాప్‌తో అక్కడే నిలపండి. చాంబర్‌లోకి చూడండి, చిటికెన వేలితో తడిమి చూడండి. ఆ తర్వాతే బొత్తాం నొక్కి ఉంచి, మ్యాగజైన్ అడుగు పలకను పట్టుకుని నిటారుగా కిందికి లాగండి. మ్యాగజైన్ చేతికి వచ్చేవరకూ స్లైడ్ ముందుకు వెళ్లకూడదు. అది రాకపోతే స్లైడ్ అలాగే ఉంచి ఆర్మరర్‌ను పిలవండి. స్క్రూడ్రైవర్ పెట్టి పెకలించబోయి అడుగు పలకలు వంచినవి నా సర్వీసులో లెక్కలేనన్ని చూశాను.

పిస్టల్ ఖాళీ అయ్యాక కారణం వెతుకుదాం. ముందు మీ చేతిని మీరే చూసుకోండి. కొత్తవారిలో చాలామందికి చిటికెన వేలు అడుగు పలక కిందికి జారుతుంది. ఎడమ అరచేతి మడమ పలక అంచును నొక్కుతుంది. బొత్తాన్ని సగమే నొక్కి వదిలేస్తే మ్యాగజైన్‌ను పట్టి ఉంచే క్యాచ్ పూర్తిగా తప్పుకోదు. పిస్టల్‌ను పక్కకు వాల్చి నొక్కితే మ్యాగజైన్ బరువంతా ఒక గోడ మీదే పడుతుంది. పిడి నిటారుగా ఉంచి మళ్లీ చేస్తే ఒక్కోసారి సమస్యే ఉండదు.

మీలో కొందరు పిడి చేతికి కుదరడానికి చెక్క పుట్టీ పెట్టుకుంటారు. అది మంచి అలవాటే, కానీ పుట్టీ అంచు మ్యాగజైన్ దారిలోకి రాకుండా చూసుకోండి.

తర్వాత తెలుసుకోవలసింది, ఆ పిస్టల్‌ను అసలు మ్యాగజైన్ తనంతట తాను జారి పడేలా తయారుచేశారా అని. పిడి అడుగున వెనకవైపు క్యాచ్ ఉండే నమూనాలు ఉన్నాయి. వాల్తర్ పి38, మకరోవ్ అలాంటివే. వాటిలో ఒక చేత్తో క్యాచ్ తోసి రెండో చేత్తో మ్యాగజైన్ లాగాలి. యుద్ధరంగంలో మ్యాగజైన్ పోగొట్టుకోకూడదన్న ఆలోచన అది.

మన పోలీసులు ఎన్నో ఏళ్లు మోసిన 9 ఎంఎం 1ఏ పిస్టల్ సంగతి ఇంకాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే దానిమీద అన్యాయంగా పడిన నిందలు చాలా విన్నాను. ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారైన ఈ పిస్టల్‌కు మూలం బ్రౌనింగ్ హై పవర్. జాన్ బ్రౌనింగ్ మొదలుపెట్టిన ఆ రూపకల్పనను, ఆయన 1926లో మరణించాక, డ్యుడొనె సైవ్ పూర్తిచేశాడు. 1935లో అది బయటికి వచ్చింది. పదమూడు తూటాల మ్యాగజైన్. మ్యాగజైన్ తీసేశాక ట్రిగ్గర్ పనిచేయకూడదని అందులో ఒక రక్షణ ఏర్పాటు పెట్టారు. ట్రిగ్గర్‌కు జోడించిన చిన్న ముక్క ఒకటి స్ప్రింగు బలంతో మ్యాగజైన్ ముందు గోడను ఎప్పుడూ ఒత్తుతూ ఉంటుంది. ఆ ఒత్తిడే మ్యాగజైన్‌ను జారనివ్వదు. కొంత దిగి ఆగుతుంది, ఎడమ చేత్తో లాగాలి. తర్వాతి కాలంలో కొన్ని మ్యాగజైన్ల అడుగున ఎలుకబోనులో ఉండేలాంటి స్ప్రింగు అమర్చి, మ్యాగజైన్‌ను బయటికి తన్నేలా చేశారు. ముందు గోడ శుభ్రంగా, నునుపుగా ఉంటే రాపిడి కొంత తగ్గుతుంది. అంతేగాని ఆ రక్షణ ముక్కను ఊడదీయమని నా దగ్గరికి వచ్చినవారిలో ఒక్కరికి కూడా నేను ఆ పని చేయలేదు.

గ్లాక్ పిస్టళ్ల కథ వేరు. 1982లో ఆస్ట్రియా సైన్యం గ్లాక్ 17ను ఎంచుకుంది. తొలినాటి ప్లాస్టిక్ మ్యాగజైన్లలో లోహపు పొర నాలుగు వైపులా పూర్తిగా ఉండేది కాదు. తూటాలు నింపితే గోడలు ఉబ్బి బిగుసుకునేవి. తర్వాత చుట్టూ లోహం వేశారు, జారి పడటం మొదలైంది. పాత మ్యాగజైన్, కొత్త మ్యాగజైన్ ఒకే పిస్టల్‌లో రెండు రకాలుగా ప్రవర్తిస్తే కంగారుపడకండి.

ఇవన్నీ దాటాక, నిన్నటిదాకా చక్కగా జారిన మ్యాగజైన్ ఈ రోజు పట్టేసిందంటే అప్పుడు అసలైన వెతుకులాట. మ్యాగజైన్లకు పెయింటుతో నంబర్లు వేయండి. క్లబ్బులో అదే రకం పిస్టల్ ఇంకొకటి ఉంటే మార్చి చూడండి. ఒక మ్యాగజైన్ రెండింటిలోనూ పట్టేస్తే లోపం మ్యాగజైన్‌ది. అన్ని మ్యాగజైన్లూ ఒకే పిస్టల్‌లో పట్టేస్తే లోపం పిస్టల్‌ది. ఖాళీగా జారి, పేలని డమ్మీ రౌండ్లు నింపితే పట్టేస్తోందా? గోడలు ఉబ్బుతున్నాయి. స్లైడ్ వెనక ఉంటే జారి, స్లైడ్ మూసి ఉంటే పట్టేస్తోందా? ఖాళీ మ్యాగజైన్‌లో తూటాలను పైకి నెట్టే ప్లాట్‌ఫారం స్లైడ్ స్టాప్ నాలుకను ఎత్తుతుంది, రాపిడి అక్కడ ఉందేమో చూడండి. తర్వాత బొత్తాం నొక్కి ఉంచి నెమ్మదిగా లాగుతూ వేళ్లతో గమనించండి. మొదట్లోనే పట్టేస్తే క్యాచ్, లేదా అది కూర్చునే గాడి. పొడవునా బరువుగా వస్తే మురికి, లేదా ఉబ్బిన గోడ. మధ్యలో ఒక్కచోట ఆగితే సొట్ట, లేదా లోపలికి పొడుచుకొచ్చిన స్క్రూ. 1911 రకం పిస్టళ్లలో పిడి పలకల స్క్రూలు పొడవైతే సరిగ్గా ఇలాగే జరుగుతుంది. వాటిలో ట్రిగ్గర్ పట్టీ మ్యాగజైన్‌ను చుట్టుకుని ఉంటుంది, అది వంగినా అంతే.

రాపిడి చోటు కంటికి కనబడాలంటే, బండ్లు బాగుచేసే మన ఆటోనగర్‌లో ఏం చేస్తారో చూడండి. వాల్వు, సీటు మీద సరిగ్గా కూర్చుందో లేదో తెలియడానికి పనివారు బ్లూ అనే నీలి రంగు పూత పూసి చూస్తారు. వయసులో ఉన్నప్పుడు ఆ విద్య నేను అక్కడే నేర్చుకున్నాను. మ్యాగజైన్ గోడల మీద పలుచగా బ్లూ గాని మార్కర్ సిరా గాని పూసి, పెట్టి తీయండి. ఎక్కడ రంగు చెరిగి లోహం మెరుస్తోందో అక్కడే రాపిడి. ఆపైన వెర్నియర్‌తో పైన, మధ్యలో, కింద వెడల్పు కొలిచి, బాగా జారే మ్యాగజైన్ కొలతలతో పోల్చండి.

మురికి గురించి రెండు మాటలు. మీరు వాడే .22 తూటాల సీసపు గుండు మీద మైనం లాంటి పూత ఉంటుంది. అది కాలిన మందుపొడితో కలిసి జిగురవుతుంది. దాని మీద నూనె పోస్తే బెజవాడ దుమ్ము అంతా అక్కడే చేరుతుంది. కొబ్బరినూనె అసలే వద్దు, చలికాలం ఉదయాల్లో గడ్డకడుతుంది. మ్యాగజైన్ లోపల పొడి గుడ్డతో తుడిస్తే చాలు. నూనె తూటా అడుగుకు చేరితే అది పేలకపోవచ్చు.

ఒక దసరా మరునాడు మా దగ్గరికి వరుసగా నాలుగు పిస్టళ్లు వచ్చాయి, నాలుగూ ఒకే ఫిర్యాదుతో. ఆయుధ పూజలో అద్దిన చందనం ఆరి, మ్యాగజైన్ దారిలో గట్టిపడింది. దాని మీద కుంకుమ. పూజ చేయండి, నేనూ ఏటా చేస్తాను. బొట్టును పిస్టల్ ఉంచే పెట్టె మీద పెట్టండి, లేదా పిడికి బయట పెట్టి సాయంత్రానికి తుడిచేయండి.

కాంక్రీటు మీద పడి పైభాగంలోని లిప్స్, అంటే తూటాలను పట్టి ఉంచే అంచులు, విచ్చుకున్న మ్యాగజైన్‌ను పట్టుకారుతో నొక్కి సరిచేయకండి. కొత్తది తీసుకోండి.

ఆటోనగర్ నైపుణ్యం మీద నాకు అపారమైన గౌరవం ఉంది, కానీ పిస్టల్‌ను అక్కడి లేత్ దగ్గరికి తీసుకెళ్లకూడదు. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం వ్యాపారంగా ఆయుధం మరమ్మతు చేయడానికి లైసెన్సు ఉండాలి. ఆ చట్టం దృష్టిలో విడిభాగాలు కూడా ఆయుధం కిందికే వస్తాయి. ఆకురాయి మీ ఇంట్లో ఉన్నా మ్యాగజైన్ మీద పెట్టకండి. రాపిడి చోటును గుర్తించి, మార్కు పెట్టి, లైసెన్సున్న మరమ్మతుదారుకు చూపించండి. అతని పని సులువవుతుంది, మీ పిస్టల్ క్షేమంగా ఉంటుంది.

ఇప్పుడు ఈ బల్ల మీద బ్లూ, గుడ్డలు, రెండు వెర్నియర్లు ఉన్నాయి. ఖాళీ మ్యాగజైన్లు మాత్రమే తీసుకురండి. తూటాలు ఈ గదిలోకి వద్దు. పిస్టళ్లు పెట్టెల్లోనే ఉంచండి, భోజనం తర్వాత ఫైరింగ్ లైన్ మీద ఒక్కొక్కరివిగా తీద్దాం. పొద్దున చెయ్యెత్తిన అమ్మాయి మ్యాగజైన్‌తో మొదలుపెడదాం.