ప్రతి బిట్టు వెనకా ఒక తగువుంది

వేదిక మీదున్న పెద్దలకు, ఇంగ్లిష్ శాఖ అధ్యాపకులకు, ఎమ్మే విద్యార్థులకు నమస్కారం.

మీలో చాలామంది కాలేజీ అధ్యాపకుల అర్హత పరీక్షలైన నెట్‌కో, సెట్‌కో, జూనియర్ లెక్చరర్ పోస్టుకో చదువుతున్నారు. ఇంగ్లిష్ సాహిత్యం, విమర్శ మీద అడిగే జనరల్ నాలెడ్జ్ ప్రశ్నలకు ఎలా సిద్ధమవ్వాలో చెప్పమని నన్ను పిలిచారు. ముందుగా ఒక మాట. బిట్లను తిట్టిపోయడానికి నేను రాలేదు. ఏ పుస్తకం ఎవరిది, ఏది ముందు, ఏది తర్వాత అన్నది తెలియనివాళ్ళు రేపు క్లాసులో నిలబడి పాఠం చెప్పలేరు. నా బాధల్లా వాటిని మనం నేర్చుకుంటున్న తీరు గురించే. జవాబు బట్టీపడుతున్నాం. ఆ జవాబు ఏ తగువులోంచి పుట్టిందో మాత్రం చూడటం లేదు. సాహిత్య విమర్శ అంటే రెండువేల ఏళ్ళకు పైగా ఒకరి మాటకు ఒకరు ఎదురుచెప్పుకుంటూ వచ్చిన కథ. ఆ కథ తెలిస్తే బిట్లు వాటంతటవే గుర్తుంటాయి.

నెట్ రెండో పేపరు సంగతి మీకు తెలిసిందే. 100 ప్రశ్నలు, 200 మార్కులు, నెగెటివ్ మార్కులు లేవు. 2012కు ముందు మూడో పేపరులో వ్యాసాలు రాయించేవారు, ఇప్పుడు అంతా ఆబ్జెక్టివే. అయితే ఇప్పటి సిలబస్‌లో ఒక గమనిక ఉంది, చాలామంది దాన్ని చూడకుండా పేజీ తిప్పేస్తారు. నాటకం, కవిత్వం, కథాసాహిత్యం, వచనం అనే మొదటి నాలుగు యూనిట్లనూ పాసేజీలు ఇచ్చి కూడా పరీక్షించాలని అందులో రాశారు. అంటే ప్రశ్నపత్రం తయారుచేసేవాళ్ళు కూడా మీరు చదవగలరా అని చూడాలనే అనుకుంటున్నారు. జతపరచండి, కాలక్రమంలో అమర్చండి, వాదన–కారణం లాంటి ప్రశ్నలు కూడా పైకి కనిపించేంత పొడిగా ఉండవు.

డ్రైడెన్‌నే తీసుకుందాం. ఈ 17వ శతాబ్దపు ఇంగ్లిష్ కవి, విమర్శకుడి 1668 నాటి 'ఎస్సే ఆఫ్ డ్రమాటిక్ పోయెసీ' మీద ప్రశ్న రాని పరీక్ష అరుదు. అందులో వాదించుకునే నలుగురు క్రైటిస్, యూజీనియస్, లిసిడియస్, నియాండర్. ఒకరు ప్రాచీనుల పక్షం, ఒకరు ఆధునికుల పక్షం, ఒకరు ఫ్రెంచి నాటకం పక్షం, ఒకరు ఇంగ్లిష్ నాటకం పక్షం. గైడులో ఇది నాలుగు గళ్ళ పట్టిక. పరీక్ష ముందురోజు రాత్రి ఆ పట్టిక చూసుకుని, తెల్లారి హాల్లో లిసిడియస్‌కీ యూజీనియస్‌కీ మధ్య తికమకపడి టెన్షన్ పడతాం.

అసలు పుస్తకం ఎలా మొదలవుతుందో చూడండి. 1665 జూన్ 3. సముద్రం మీద ఇంగ్లిష్ నౌకాదళానికీ డచ్చి నౌకాదళానికీ యుద్ధం జరుగుతోంది. ఫిరంగుల మోత లండన్ దాకా వినిపిస్తోంది. నలుగురు మిత్రులు పడవెక్కి థేమ్స్ నది మీద కిందికి సాగుతారు. తెడ్లు మెల్లగా వేయమని పడవవాళ్ళకు చెబుతారు, ఆ శబ్దం ఇంకా బాగా వినాలని. దూరపు ఉరుములాగో, పొగగొట్టంలో స్వాలో పిట్టల రెక్కల చప్పుడులాగో ఉందట ఆ మోత. అది క్రమంగా దూరమవుతుంటే మనవాళ్ళు గెలిచారని సంతోషిస్తారు. అప్పుడు క్రైటిస్ అంటాడు కదా, ఈ గెలుపు మీద ఎన్ని నాసిరకం పద్యాలు వినాల్సొస్తుందో తలుచుకుంటే, ఇంత ఖరీదుకు ఈ గెలుపు కావాలనుకోను అని. అక్కడ మొదలవుతుంది చర్చ. ఇప్పటి కవులను ఈసడించేవాడు క్రైటిస్ అని మొదటి పేజీలోనే తెలిసిపోయింది. ఇక వాడు ప్రాచీనుల పక్షం కాక ఇంకెవరి పక్షం ఉంటాడు? ఆ పడవలో ఒక్కసారి కూర్చుంటే ఆ పట్టికతో ఇక మీకు పని ఉండదు.

నాటకం అంటే 'జస్ట్ అండ్ లైవ్లీ ఇమేజ్ ఆఫ్ హ్యూమన్ నేచర్', అంటే మనిషి స్వభావానికి సరైన, సజీవమైన ప్రతిబింబం అన్న నిర్వచనం మీకు కంఠతా వచ్చు. ఎవరిది అంటే డ్రైడెన్‌ది అంటారు. ప్రశ్నలో నాలుగు పాత్రల పేర్లిచ్చి ఎవరి నోట వచ్చిందని అడిగితే? లిసిడియస్ నోట. ఫ్రెంచి నాటకాన్ని వెనకేసుకొచ్చే మనిషి నోటే డ్రైడెన్ ఈ నిర్వచనం చెప్పించాడు. తరవాత నియాండర్ అదే నిర్వచనంలోని 'లైవ్లీ' అన్న మాటను పట్టుకుని, ఫ్రెంచి నాటకాలు అందంగా ఉంటాయి గానీ వాటికి ప్రాణం లేదు, ప్రాణం మన షేక్‌స్పియర్‌లో ఉంది అని తిప్పికొడతాడు. ఎదుటివాడి ఆయుధంతోనే గెలవడమంటే ఇదీ. ఈ అందం బిట్ బ్యాంకులో దొరకదు.

ఇప్పుడు త్రీ యూనిటీస్ దగ్గరికి రండి. స్థలం, కాలం, కార్యం, ఈ మూడూ నాటకంలో ఒక్కొక్కటే ఉండాలన్న సూత్రం. ఎవరు పెట్టారు అనగానే అరిస్టాటిల్ అని చేతులు లేస్తాయి. 'పొయెటిక్స్'లో అరిస్టాటిల్ గట్టిగా పట్టుబట్టింది కార్యం ఒక్కటిగా ఉండాలనే. ట్రాజెడీ సాధారణంగా సూర్యుడి ఒక్క పరిభ్రమణంలో ముగియడానికి ప్రయత్నిస్తుందని మాత్రం ఒకచోట అన్నాడు. స్థలం గురించి నియమమే లేదు. మూడింటినీ కలిపి కట్టుదిట్టమైన సూత్రం చేసింది 16వ శతాబ్దపు ఇటాలియన్ వ్యాఖ్యాతలు, ముఖ్యంగా 1570లో కాస్టెల్వెట్రో. ఇక ఇక్కణ్ణుంచి కథ నడుస్తుంది. 16వ శతాబ్దపు ఇంగ్లిష్ కవి సర్ ఫిలిప్ సిడ్నీ ఆ సూత్రాన్ని నమ్మి, మన నాటకాల్లో స్టేజి మీద ఒక పక్క ఆసియా, ఇంకో పక్క ఆఫ్రికా ఉంటాయి, పాత్ర వచ్చీరాగానే తానెక్కడున్నాడో చెప్పుకోవాల్సిన గతి పట్టింది అని మందలిస్తాడు. డ్రైడెన్ పడవలో మళ్ళీ అదే తగువు. చివరికి 1765లో షేక్‌స్పియర్ సంపుటాలకు రాసిన ముందుమాటలో శామ్యూల్ జాన్సన్ తేల్చేస్తాడు. ప్రేక్షకులు మొదటి అంకం నుంచి చివరి అంకం దాకా తెలివిలోనే ఉంటారు, స్టేజి స్టేజేనని, నటులు నటులేనని వాళ్ళకు తెలుసు. మొదటి అంకంలో దాన్ని అలెగ్జాండ్రియా అనుకోగలిగినవాడు తరవాతి అంకంలో రోము అనుకోలేడా? నాకు విమర్శ మొత్తంలో ఇంత నిబ్బరమైన వాదన ఇంకొకటి కనబడలేదు. అరిస్టాటిల్, కాస్టెల్వెట్రో, సిడ్నీ, డ్రైడెన్, జాన్సన్: కాలక్రమంలో అమర్చమంటే ఇక మీరు సంవత్సరాలు వెతుక్కోనక్కర్లేదు, ఎవరు ఎవరికి జవాబు చెప్పారో గుర్తుంటే చాలు.

ప్రేక్షకుడు నమ్ముతాడా లేదా అన్న ఈ ప్రశ్నే కోల్‌రిడ్జ్ దగ్గర ఇంకో రూపంలో వస్తుంది. 'విల్లింగ్ సస్పెన్షన్ ఆఫ్ డిస్‌బిలీఫ్' (అపనమ్మకాన్ని ఇష్టపూర్వకంగా పక్కనపెట్టడం) అన్న మాట 1817 నాటి 'బయోగ్రఫియా లిటరేరియా' 14వ అధ్యాయంలోది. ఆ మాట అక్కడ ఆయన నాటకం గురించి అనలేదు, వర్డ్స్‌వర్త్‌తో కలిసి తెచ్చిన కవితా సంపుటి 'లిరికల్ బాలడ్స్'లో అతీంద్రియ విషయాల కవితలు రాసే బాధ్యత తన మీద పడిందని చెబుతూ అన్నాడు. ఈ తేడా మీదే వాదన–కారణం ప్రశ్న తయారుచేయొచ్చు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. గాసన్ 1579లో కవుల మీద విరుచుకుపడ్డాడు, సిడ్నీ జవాబిచ్చాడు. ఆ జవాబు అచ్చయింది సిడ్నీ చనిపోయాక, 1595లో. పీకాక్ 1820లో కవిత్వం కాలం చెల్లిందన్నాడు, షెల్లీ మరుసటి ఏడాదే జవాబు రాశాడు, అది వెలుగు చూసింది 1840లో. హాప్కిన్స్ 1889లో పోయాడు, ఆయన కవితల పుస్తకం 1918లో వచ్చింది. రాసిన ఏడాది అడిగారా, అచ్చయిన ఏడాది అడిగారా చూసుకోండి. 'లిరికల్ బాలడ్స్' 1798ది, దాని ప్రసిద్ధమైన ముందుమాట 1800 నాటి కూర్పులోది. పోప్ రాసిన 'ఎస్సే ఆన్ క్రిటిసిజం' పేరుకే వ్యాసం, నిజానికి పద్యకావ్యం.

ఇంతకీ ఈ పరీక్షలు మనలో ఏం చూడలేకపోతున్నాయి? దీనికి కేంబ్రిడ్జిలో ఐ.ఎ. రిచర్డ్స్ చేసిన ప్రయోగం చెప్పాలి. ఆయన కవి పేరు తీసేసి, కవితలను విద్యార్థులకు పంచి, చదివి అభిప్రాయం రాసివ్వమన్నాడు. అలా వచ్చిన 13 కవితల తాలూకు కాగితాలే 1929లో 'ప్రాక్టికల్ క్రిటిసిజం' పుస్తకమయ్యాయి. రాసినవాళ్ళు చాలామటుకు అక్కడ ఇంగ్లిష్ చదువుతున్నవాళ్ళే. డన్ సానెట్, హాప్కిన్స్ 'స్ప్రింగ్ అండ్ ఫాల్', లారెన్స్ 'పియానో' వాళ్ళలో ఎక్కువమందికి నచ్చలేదు. ఈరోజు ఎవరికీ పేరు కూడా గుర్తులేని కవుల పద్యాలను మెచ్చుకున్నారు. కొందరికి కవితలోని సాదా అర్థమే అందలేదు. పక్కన డన్ అనే పేరుంటే ఇలా రాసేవాళ్ళా? పేరు తెలియడం వేరు, పద్యం తెలియడం వేరు అన్న సంగతి ఇంత స్పష్టంగా ఇంకెవరూ చూపించలేదు. దీన్నుంచే విమర్శకు కొత్త దారి పడింది. రిచర్డ్స్ శిష్యుడు ఎంప్సన్ మరుసటి ఏడాదే 'సెవెన్ టైప్స్ ఆఫ్ ఆంబిగ్విటీ' తెచ్చాడు. ఇది కూడా బిట్టే, కానీ ఎంత బరువున్న బిట్టో చూడండి.

తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలకు ఒక మాట. ఇంగ్లిష్ సాహిత్యం పరీక్ష మనకు కొత్తదీ కాదు, పరాయిదీ కాదు. మద్రాసు విశ్వవిద్యాలయం పుట్టింది 1857లో. ఆక్స్‌ఫర్డ్‌లో ఇంగ్లిష్‌కు ప్రత్యేక విభాగం వచ్చింది 1894లో, కేంబ్రిడ్జిలో ఇంగ్లిష్ ట్రైపోస్ అనే ఆనర్స్ డిగ్రీ పరీక్ష 1917లో. వాళ్ళు అక్కడ డిగ్రీ సబ్జెక్టుగా తలకెత్తుకోక ముందే మన తాతలు ఇక్కడ షేక్‌స్పియర్ మీద జవాబులు రాశారు. పాలకుల అవసరం కోసం పెట్టిన చదువే అది. అయినా మనవాళ్ళు దాన్ని తమ పనికి వాడుకున్నారు. కేంబ్రిడ్జిలో చదివి వచ్చిన కట్టమంచి రామలింగారెడ్డి 1914లో 'కవిత్వతత్త్వ విచారము' రాసి, పింగళి సూరన 'కళాపూర్ణోదయం' మీద చర్చ పెట్టి, ప్రబంధ కవులను నిలదీశారు. పెద్ద దుమారమే రేగింది. తగువు లేకుండా విమర్శ పుట్టదని మన భాషలోనే రుజువుంది. రసం, ధ్వని మీకు ఇంటర్‌లో, డిగ్రీలో తెలుగు మాస్టారు చెప్పే ఉంటారు. భరతుడి పక్కన అరిస్టాటిల్‌ను పెట్టి చదవండి. ట్రాజెడీ చూసినవాళ్ళలో జాలి, భయం ప్రక్షాళన కావడం అనే కథార్సిస్ గురించి గైడు రాసిన రెండు వాక్యాల కంటే మీకే ఎక్కువ అర్థమవుతుంది.

ఏం చదవాలి అని అడుగుతారు. అన్నీ చదవలేం, టైమ్ లేదు, నాకు తెలుసు. కానీ చిన్నవి ఉన్నాయి. ఎలియట్ 1919లో రాసిన హామ్లెట్ వ్యాసం కొద్ది పేజీలే. ఒక భావాన్ని పలికించే వస్తువులు, సన్నివేశం, సంఘటనల కూర్పు అనే 'ఆబ్జెక్టివ్ కోరిలేటివ్' బట్టీపట్టినవాళ్ళలో ఎంతమందికి తెలుసు, అదే వ్యాసంలో ఆయన హామ్లెట్‌ను విఫలమైన నాటకమన్నాడని? ఆ మాట చదివితే మీకు కోపం రావాలి, ఎదురుచెప్పాలనిపించాలి. జాన్సన్ ముందుమాట, కోల్‌రిడ్జ్ 14వ అధ్యాయం, పొయెటిక్స్‌లో ట్రాజెడీ అధ్యాయాలు, డ్రైడెన్‌లో కనీసం ఆ పడవ ప్రయాణం. వారానికి ఒకటి చొప్పున చదివి, ఎవరి మీద ఎవరు ఏమన్నారో ఒక్క పేజీలో మీ మాటల్లో రాసుకోండి. పాత ప్రశ్నపత్రాలు తర్వాత ముందేసుకోండి.

ఇప్పుడు మీ అధ్యాపకులు ఒక కాగితం పంచుతారు. అందులో పద్నాలుగు పంక్తుల ఇంగ్లిష్ కవిత ఉంది, కవి పేరు లేదు. మీ పేరు కూడా రాయకండి. ఫోన్లు బ్యాగుల్లో పెట్టి రెండుసార్లు చదవండి. మొదట అది ఏం చెబుతోందో రాయండి, తర్వాత బాగుందో లేదో, ఎందుకో రాయండి. అరగంట తర్వాత కాగితాలు కలిపి ఇక్కడే పైకి చదువుదాం, వాదించుకుందాం.