సంత నిండితే సముద్రం నిండినట్టు కాదు

అందరికీ నమస్కారం.

మృగశిర కార్తె రోజు పొద్దున్నే మన హైదరాబాద్‌లోని రామ్‌నగర్ చేపల మార్కెట్‌కి వెళ్లినవాళ్లు ఈ సభలో చాలామందే ఉంటారు. ఆ రోజు అక్కడ కాలు పెట్టే సందుండదు. కొర్రమీను ధర చుక్కల్లో ఉంటుంది. అయినా ఖాళీ సంచితో ఇంటికెళ్లేవాళ్లు తక్కువ. మీరు గమనించారో లేదో, జూన్ 8 ప్రాంతంలో వచ్చే ఆ కార్తెకి మన తూర్పు తీరంలో వేట నిషేధం నడుస్తూ ఉంటుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్లు కడలిలోకి వెళ్లకూడదు. విశాఖలో, కాకినాడలో, నిజాంపట్నంలో బోట్లన్నీ లంగరేసి ఉన్నప్పుడే మన నగరం చేపల పండగ చేసుకుంటుంది. చెరువుల్లోంచి రవ్వ, బొచ్చె, కొర్రమీను వచ్చి ఆ లోటు మనకి తెలియనివ్వవు.

ఇందులో తప్పేమీ లేదు. నేను చెప్పదలుచుకున్నది వేరు. సముద్రం లేని మహానగరంలో ఉండి సముద్రపు చేప తినేవాళ్లకి, ఆ చేప తగ్గిపోతున్న సంగతి అందరికంటే ఆఖర్న తెలుస్తుంది. ఒక రేవులో వంజరం పడకపోతే ఇంకో రేవు నుంచి లారీ వస్తుంది. ఐస్ పెట్టె ఖాళీగా కనబడదు. మనకే కాదు, ఒక్కోసారి వల వేసేవాడికీ తెలియదు. అది ఎలా జరుగుతుందో చెప్పడానికి కెనడా దాకా వెళ్లక తప్పదు.

న్యూఫౌండ్‌ల్యాండ్ తీరంలో కాడ్ అనే చేపని జనం సుమారు ఐదు వందల ఏళ్లు పట్టారు. చిన్న పడవలతో పట్టినంతకాలం అది తరగలేదు. ఆ తర్వాత పెద్ద వలల్ని ఈడ్చుకుంటూ, పట్టిన చేపని ఓడలోనే గడ్డకట్టించే పెద్ద పెద్ద విదేశీ ట్రాలర్లు వచ్చాయి. 1968 ఒక్క ఏడాదిలోనే దాదాపు 8 లక్షల టన్నులు లాగారు. 1977లో కెనడా తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల మేర తన అధికారం ప్రకటించుకుని విదేశీ ఓడల్ని బయటికి పంపింది. హమ్మయ్య అనుకున్నారు. కానీ ఖాళీ అయిన ఆ చోటుని సొంత ట్రాలర్లతో నింపుకున్నారు. ఎనభైల్లో చిన్న పడవల మత్స్యకారులు చేప దొరకడం లేదనీ, దొరికినా చిన్నదే దొరుకుతోందనీ మొత్తుకున్నారు. ట్రాలర్ల లెక్కలు మాత్రం వలలు బాగానే నిండుతున్నట్టు చూపించాయి. ప్రభుత్వం ఆ లెక్కల మీదే ఎక్కువగా ఆధారపడింది.

ట్రాలర్లు అబద్ధం చెప్పలేదు. కాడ్ గుంపులు కట్టే చేప. సంఖ్య పడిపోయేకొద్దీ, మిగిలిన చేపలన్నీ తమకి అనువైన కొన్ని చోట్లకే చేరతాయి. నీళ్లలోకి శబ్దం పంపి చేపల్ని పసిగట్టే సోనార్ ఉన్న ఓడకి ఆ చోటు వెతకడం పెద్ద పని కాదు. అందుకే చివరి గుంపు దాకా వల బరువుగానే వస్తుంది. అలా 1992 జులైలో వేట పూర్తిగా ఆపేయాల్సి వచ్చింది. గుడ్లు పెట్టే కాడ్ మొత్తం ఒకప్పటి దానిలో నూటికి ఒక వంతు స్థాయికి పడిపోయింది. ఆ ఏళ్లలో నీళ్లు మరీ చల్లబడటం కూడా కొంత దెబ్బ తీసింది. ముప్పై వేల మందికి పైగా ఉపాధి పోయింది. తీరం ఊళ్లు ఖాళీ అయ్యాయి.

రెండేళ్లు ఆపితే చాలనుకున్నారు. మధ్యలో చిన్నపాటి వేటకి అనుమతులిచ్చినా, ఆ నిషేధం ఎత్తేయడానికి 2024 దాకా ఆగాల్సి వచ్చింది. అదీ 18 వేల టన్నుల పరిమితితో. 8 లక్షలెక్కడ, 18 వేలెక్కడ!

వేట ఆగితే చేప తిరిగి రావాలి కదా, ఎందుకు రాలేదు? నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచే కారణం తల్లిచేప వయసు. చేప చచ్చేదాకా పెరుగుతూనే ఉంటుంది. పెరిగినకొద్దీ గుడ్లు పెరుగుతాయి, బరువుకి మించిన లెక్కలో పెరుగుతాయి. 30 కిలోల ఒక్క కాడ్ తల్లి, 2 కిలోల తల్లులు 28 కలిసి పెట్టిన దానికంటే ఎక్కువ గుడ్లు పెడుతుందని 2018లో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. వల ముందుగా పట్టుకుపోయేది ఆ పెద్ద చేపనే. మన రైతు ఎంత కరువొచ్చినా విత్తనాల గంప జోలికి పోడు, సముద్రంలో మనం మొదట ఆ గంపనే ఖాళీ చేస్తున్నాం. దానికి తోడు, పెద్ద కాడ్ పోయాక అది తినే చిన్న చేపలు పెరిగి, కాడ్ గుడ్లనీ పిల్లల్నీ తినడం మొదలుపెట్టొచ్చు. వేట ఆపడం మన చేతుల్లో ఉంది కానీ ఈ తారుమారుని సరిచేయడం మన చేతుల్లో లేదు.

అన్ని చేపలూ ఇలా కావు. త్వరగా ఎదిగి, రెండు మూడేళ్లు బతికే చేపలు త్వరగానే కోలుకుంటాయి. కేరళలో నూనె కవ్వలు, అంటే ఆయిల్ సార్డిన్ చేపలు, 2012లో దాదాపు 3.9 లక్షల టన్నులు పడ్డాయి. 2021లో పడ్డవి 3,297 టన్నులు! వాతావరణం మార్పూ, పిల్లచేపల వేటా రెండూ కారణమే. కానీ అనుకూలమైన నీళ్లు రాగానే రెండేళ్లలో మళ్లీ లక్ష టన్నులు దాటింది.

ఇక పులస. పుస్తెలమ్మైనా పులస తినాలనే మనవాళ్లు, అది ఉండేలా చూసుకోవడంలో ఆ ప్రేమ చూపించలేదు. వరద గోదారికి ఎదురీదుతూ వచ్చిన ఆ చేప దారి ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర తెగిపోతుంది, ఆలోపే వలలు దానికోసం కాచుకుని ఉంటాయి. అదే జాతి ఇలిశని బంగ్లాదేశ్ ఎలా కాపాడిందో చూడండి. 25 సెంటీమీటర్ల లోపు పిల్లల్ని పట్టకూడదన్నారు. గుడ్లు పెట్టే అక్టోబర్ రోజుల్లో వేట ఆపేశారు. నదుల్లో కొన్ని చోట్లని అభయారణ్యాలు చేశారు. వేట లేని రోజులకి మత్స్యకార కుటుంబాలకి బియ్యం ఇచ్చారు. ఈ ఆఖరిది లేకపోతే మిగతావేవీ నిలబడవని నా నమ్మకం. 2002–03లో 2 లక్షల టన్నులున్న పంట 2017–18కి 5 లక్షలు దాటింది. మన ఆంధ్ర తీరంలోనూ నిషేధం రోజులకి కుటుంబానికి ఇచ్చే సాయం 10 వేల నుంచి 20 వేలకి పెరిగింది. అది దయ కాదు, చేపని బతికించే ఖర్చులో భాగం.

రెండు నెలల నిషేధంతో తేరుకోనిది సొర. పెద్ద జాతి సొరలు ఈనే వయసుకి రావడానికి పదేళ్లో, ఇంకా ఎక్కువో పడుతుంది, ఈనినా కొద్ది పిల్లలే. బాలింతకి పాలు పడతాయని చిన్న సొరని వెతికి మరీ కొంటాం. అవి చిన్న జాతుల సొరలో, పెద్ద జాతి సొరల పిల్లలో కొనేవాళ్లకి తెలియదు. ప్రపంచ మహాసముద్రాల్లో 1970 నుంచి సొరలూ టేకు చేపలూ 71 శాతం తగ్గాయని 2021లో తేల్చారు. మన దేశంలో 2022లో పరిశీలించిన 135 చేపల నిల్వల్లో 91.1 శాతం ఆరోగ్యంగా ఉన్నాయని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ చెప్పింది. సంతోషమే, ఆ పనిని నేను గౌరవిస్తాను. కానీ మిగతా వాటిలో నెమ్మదిగా పెరిగే జాతి ఒక్కటున్నా, దాన్ని తొంభై ఒకటి అనే అంకె కాపాడదు.

హైదరాబాద్‌కి ఇందులో పనేమిటని అడగొచ్చు. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద పోతుంటే చేప ఆకారంలో కనబడే భవనం జాతీయ మత్స్య అభివృద్ధి మండలిది. ప్రగతినగర్‌లో సముద్ర సమాచారం అందించే కేంద్ర సంస్థ ఇన్‌కాయిస్ ఉంది. ఉపగ్రహాలు చూపే నీటి వేడినీ, పచ్చదనాన్నీ బట్టి చేపలు ఎక్కడ గుమిగూడతాయో మత్స్యకారుడికి ఇక్కడి నుంచే చెబుతారు. దానివల్ల వెతుకులాట తగ్గి డీజిల్ మిగులుతుంది, మంచిదే. కానీ కాడ్ కథ విన్నాక నాకొకటి గట్టిగా అనిపిస్తుంది. గుంపుని వెతికి చూపించే విజ్ఞానం పక్కనే, ఏ గుంపు గుడ్లతో ఉందో, ఏ చోట ఎన్నాళ్లు వల వేయకూడదో చెప్పే విజ్ఞానం కూడా అంతే రోజువారీగా బోటుకి చేరాలి. రెండోది లేకుండా మొదటిది మాత్రమే పదునెక్కితే, చివరి గుంపుని కూడా మనం తేలిగ్గానే వెతికేస్తాం.

కొనేవాళ్ల చేతిలో ఉన్నది చేప సైజు. కేరళ 2015లోనే కనీస కొలతల్ని అమలులోకి తెచ్చింది. నూనె కవ్వ 10 సెంటీమీటర్లకి, కానాగంత, అంటే మాకెరెల్, 14 సెంటీమీటర్లకి తక్కువుంటే పట్టకూడదు. అంతకంటే చిన్నదంటే ఒక్కసారి కూడా గుడ్లు పెట్టే అవకాశం రానిదని అర్థం. మార్కెట్‌లో ధర అడిగినట్టే పొడవు కూడా చూడండి, చిన్నదైతే వద్దనండి. అలాంటి చేప మనకి అమ్ముడుపోకపోయినా దాణా మిల్లుకి పోతుందని కొందరంటారు. నిజమే. అందుకే కొలతలు మిల్లు గేటు దగ్గర కూడా వర్తించాలని మనం అడగాలి.

నా మాటలు ఇంతే. ప్రశ్నలకి సమయం ఉంది. ఈ సభలో చేపల వ్యాపారులెవరైనా ఉంటే, ముందు వాళ్లకి నాదే ఒక ప్రశ్న: 14 సెంటీమీటర్లు కూడా లేని కానాగంతలు మీ ఐస్ పెట్టెల్లోకి ఏ రేవు నుంచి, ఏ నెలల్లో వస్తున్నాయి?