జువెంటస్ పిలిచినా ఉదినె వదలని టోటో | డి నటాలే కథ

ముందు ఒక గోల్ చెప్తాను, తర్వాత మనిషి గురించి మాట్లాడుకుందాం.

2012 జూన్ 10, పోలండ్‌లోని గ్డాన్స్క్. యూరో కప్ ఫుట్‌బాల్‌లో ఇటలీ, స్పెయిన్‌ల మొదటి మ్యాచ్. ఇటలీ స్ట్రైకర్ బాలొటెల్లికి గోల్ ముందు ఎవరూ అడ్డులేని ఛాన్స్ దొరికింది. ఏం ఆలోచించాడో గానీ తీరిగ్గా నడిచాడు. వెనక నుంచి స్పెయిన్ డిఫెండర్ రామోస్ వచ్చి బంతి లాగేసుకున్నాడు. ఇటలీ కోచ్ ప్రాండెల్లి కాసేపటికే బాలొటెల్లిని బయటికి పిలిచి, 34 ఏళ్ల పొట్టి మనిషిని లోపలికి పంపాడు. నాలుగైదు నిమిషాలు గడిచాయో లేదో, మధ్యలోంచి సహచరుడు పిర్లో పాస్. రీప్లేలో ఈయన కాళ్లే చూడండి. బంతి ఎటొస్తుందో ముందే చదివేసి, డిఫెండర్ల భుజాల పక్కనుంచి వంపు తిరుగుతూ పరుగు. స్పెయిన్ గోల్‌కీపర్ కసియాస్ ముందుకొచ్చాడు. బంతి అతన్ని దాటి నెట్‌లో పడింది.

ఆ టోర్నమెంట్ మొత్తంలో స్పెయిన్ ఇచ్చిన గోల్ అదొక్కటే! కొట్టింది ఆంటోనియో డి నటాలే. ముద్దుపేరు టోటో.

నేపుల్స్‌లో పుట్టాడు, ఎంపోలీలో ఆట నేర్చాడు. ఇటలీ టాప్ లీగ్ సీరీ ఏలో అడుగుపెట్టింది 2002లో, పాతికేళ్లకు కాస్త ముందు. మన దగ్గర ఆ వయసుకి "ఇంకా సెటిల్ కాలేదా?" అని చుట్టాలు మొదలుపెడతారు కదా, అలాంటి వయసు. 2004లో ఉదినె ఊరి క్లబ్ ఉదినేజే కొనుక్కుంది. ఉదినె అంటే ఇటలీ ఈశాన్యం మూలన చిన్న ఊరు. మొదట్లో ఎడమ పక్క ఆడేవాడు, తర్వాత మధ్యలోకి వచ్చాడు. అక్కడ మొదలైంది అసలు పంట.

2009-10లో 29 గోల్స్. 2010-11లో 28. రెండుసార్లూ లీగ్ టాప్ స్కోరర్ ఆయనే. తొంభైల నాటి స్ట్రైకర్ సిన్యోరి తర్వాత వరుసగా రెండేళ్లు ఆ పని చేసిన ఇటాలియన్ మళ్లీ ఈయనే. ఈ రెండు సీజన్ల మధ్య, 2010లో, ఇటలీలోని పెద్ద క్లబ్ జువెంటస్ పిలిచింది. వెళ్లలేదు. కుటుంబం ఉదినెలో కుదురుకుంది, తనకీ అక్కడే బాగుంది. అంతే. ఏ ఆటగాడైనా బ్యాగు సర్దేసే పిలుపండీ అది!

2011 ఫిబ్రవరిలో పలెర్మో మీద వాళ్ల గ్రౌండ్‌లోనే 7-0. అలెక్సిస్ సాంచెజ్ నాలుగు, టోటో మూడు. ఆ వేసవిలో సాంచెజ్ బార్సిలోనాకి ఎగిరిపోయాడు. టోటో తర్వాతి సీజన్‌లో ఇంకో 23 కొట్టి టీమ్‌ని మూడో స్థానంలో నిలబెట్టాడు.

అయితే మరీ దేవుణ్ణి చేసేయకండి. 2008 యూరో క్వార్టర్ ఫైనల్, స్పెయిన్‌తో పెనాల్టీ షూటౌట్: మిస్. 2011 ఆగస్టు, యూరప్ క్లబ్బుల పెద్ద టోర్నీ ఛాంపియన్స్ లీగ్‌కి వెళ్లాలంటే ఇంగ్లండ్ క్లబ్ ఆర్సెనల్‌ని దాటాలి. సొంత గ్రౌండ్‌లో హెడర్‌తో తనే గోల్ కొట్టాడు, ఆ తర్వాత దొరికిన పెనాల్టీని ఆర్సెనల్ గోల్‌కీపర్ ష్చెన్స్నీ చేతికి ఇచ్చాడు. ఊరు ఊరంతా నోరెళ్లబెట్టిన పెనాల్టీ అది. ఆ రాత్రి చూస్తే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. కానీ మర్నాడు ఎవరూ ఆయన చేతి నుంచి కెప్టెన్ బ్యాండ్ తీయలేదు.

2014 జనవరిలో "ఈ సీజన్‌తో మానేస్తున్నా" అన్నాడు. ఆ సీజన్ ఆఖరి మ్యాచ్‌లో శాంప్డోరియా మీద హ్యాట్రిక్ కొట్టి, మాట మార్చుకుని ఇంకో రెండేళ్లు ఆడాడు. ఇలాంటి మాట తప్పడం మనకి ఓకే! మొత్తం సీరీ ఏ గోల్స్ 209. ఇటలీ దిగ్గజం రొబెర్తో బాజ్జోవి 205. ఆ 209లో 191 ఒక్క ఉదినేజేకే.

ఇక చివరి మ్యాచ్. 2016 మే 15, ఉదినెలోనే, కార్పీ మీద. వయసు 38. టీమ్ 1-2తో ఓడిపోయింది. ఆ ఒక్క గోల్ టోటోదే. పెనాల్టీ!