పాల లెక్క ఈతకు ముందే మొదలవుతుంది

అందరికీ నమస్కారం. పొద్దున టీ తాగుతుంటే ఒక రైతు అడిగారు: "సార్, రెండు లీటర్లు ఇస్తుందంటే జమునాపారి మేకను కొన్నా. ముప్పావు లీటరు దాటట్లేదు. మోసపోయానా?"

అది అమ్మినాయనకే తెలియాలి. నేను మాత్రం తిరిగి మూడు ప్రశ్నలు వేశాను. ఎన్నో ఈత, అంటే ఎన్నోసారి ఈనింది? రెండోది. ఈని ఎన్నాళ్లయింది? ఐదు నెలలు. చూడి మీద ఉండగా ఏం మేసింది? దీనికి ఆయన దగ్గర జవాబు లేదు.

మొదటి రెండూ తేలిక. మేక పాలు ఈతీతకూ పెరిగి, మూడు నాలుగు ఈతల్లో ఎక్కువగా ఉంటాయి. ఒకే ఈతలో అయితే ఈనిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు ముమ్మరంగా వచ్చి, ఆ తర్వాత తగ్గుతాయి. ఐదో నెలలో చెంబు పట్టుకుని రెండు లీటర్లు వెతికితే ఎక్కడ దొరుకుతాయి?

అసలు సంగతి మూడో ప్రశ్నలో ఉంది. మేక చూలు దాదాపు 150 రోజులు. కడుపులో పిల్ల బరువు ఎక్కువగా పెరిగేదీ, రేపటి పాల కోసం పొదుగు తయారయ్యేదీ చివరి 50 రోజుల్లోనే. సరిగ్గా అప్పుడే మనం "పాలివ్వట్లేదుగా" అని దాణా తగ్గిస్తాం. ఆపాల్సింది పిండటం, దాణా కాదు. అలాగని కొవ్వు పట్టేదాకా మేపినా ముప్పే. కవలలు మోస్తున్న బలిసిన మేక ఈనే ముందు మేత మానేసి కూలబడటం మీలో కొందరు చూసే ఉంటారు.

చిక్కిపోయి ఈనిన మేక తన ఒంటి కండ కరిగించి పాలిస్తుంది. అలాంటిది ఎదకు, అంటే మగదాన్ని కోరే స్థితికి, ఆలస్యంగా వస్తుంది, వచ్చినా చూలు నిలవదు. పాలకు వేరే వైద్యం, చూలుకు వేరే వైద్యం అని తిరుగుతాం గానీ రెండూ ఆ ఒక్క ఒంట్లోంచి రావాల్సినవే. పోతుతో, అంటే మగ మేకతో, దాటించడానికి రెండు మూడు వారాల ముందు నుంచి రోజుకు పావుకిలో దాణా అదనంగా పెట్టి చూడండి. చిక్కిన మేకల్లో కవలలు పుట్టే అవకాశం పెరుగుతుంది.

ఎద 21 రోజులకోసారి వస్తుంది, ఒకటిన్నర రోజు ఉంటుంది. తోక ఆడించడం, ఊరికే అరవడం చూశాక సుమారు పన్నెండు గంటలకు దాటించండి. యూరప్ సానెన్, ఆల్పైన్ మేకలు పగలు కురచయ్యే కాలంలోనే ఎదకు వస్తాయి. మన జీవాలకు ఆ పట్టింపు తక్కువ, మేత బాగుంటే చాలు. ఆ సానెన్ రకాల్లో ఇంకో చిక్కుంది. కొమ్ముల్లేని బోడి పోతును బోడి మేకతో దాటిస్తే, పుట్టే ఆడపిల్లల్లో కొన్ని ఆడా మగా కాకుండా పోతాయి. జతలో ఒకదానికైనా కొమ్ములుండాలి.

పోతు మాటెత్తితే చాలామంది నవ్వుతారు, దాన్నెవరూ పట్టించుకోరు. వీర్యకణం తయారవడానికి ఏడు వారాలు పడుతుంది. మే నెలలో రేకుల కింద ఉడికిపోయిన పోతు నష్టం జూన్, జూలైలలో బయటపడుతుంది. అప్పుడు తిట్లు మేకలకు! నీడ, నీళ్లు ముందు దానికివ్వండి. ఇంకో మాట, పోతును మందకు కనపడకుండా, వాసన తగలకుండా నెల రోజులు దూరంగా కట్టి తర్వాత వదిలితే, చాలా మేకలు పది రోజుల్లోపే ఎదకు వస్తాయి. రోజూ మందలోనే తిరిగే పోతుతో ఆ లాభం ఉండదు, ఏది ఎప్పుడు దాటించిందో కూడా తెలియదు.

పొద్దుటి రైతును చివరగా ఇదే అడిగాను. ఆయన పోతు మందలోనే తిరుగుతుందట, ఈ మేక మూడు నెలలుగా ఎదకు రాలేదట. అంటే మళ్లీ చూడి అయ్యుండొచ్చు, పాలు తగ్గడానికి అదీ ఒక కారణం. మధ్యాహ్నం భోజనాలయ్యాక దాన్ని చూద్దాం. చూడే అయితే ఈ వారమే పిండటం ఆపించి, దాణా మాత్రం సాగనివ్వాలి.