మా నాయనకే సంగటి పాఠం చెప్పిన రెస్టారెంట్

నమస్తే అండీ. ఈ వీడియో ఆదివారం రాత్రే పెట్టాల్సింది. కావాలనే మూడు రోజులు ఆగాను. ఒకసారి కోపంలో వీడియో తీసి, తర్వాత దాన్ని నేనే చూసుకోలేక తీసేశాను. అందుకని ఈసారి చల్లబడ్డాకే కెమెరా ముందుకొచ్చా. కోపమైతే తగ్గింది. ఆ సంగటి మాత్రం ఇంకా గొంతులోనే ఉన్నట్టుంది.

రెస్టారెంట్ పేరు చెప్పను. ఒక్క పూట తిని ఒకరి వ్యాపారం మీద ముద్ర వెయ్యడం నాకిష్టం లేదు. కామెంట్లలో మీరు ఊహించి రాసినా తీసేస్తా, ఏమనుకోకండి. హైదరాబాద్‌లో, ఐటీ ఆఫీసులుండే వైపు. బోర్డు మీద పెద్దక్షరాల్లో అసలు సిసలు సీమ భోజనం అని ఉంటుంది. అంతవరకు చాలు.

మా నాయన ఊరి నుంచి వచ్చాడు. మాది రాయలసీమలో రాయచోటి దగ్గర పల్లె. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. వచ్చి పది రోజులైంది, మా ఇంట్లో పొద్దున దోసెలు, మధ్యాహ్నం అన్నం, రాత్రి చపాతీలు. నోరు తెరిచి అడగడు కానీ సంగటి లేక ఆయనకి తిన్నట్టే ఉండదని నాకు తెలుసు. రీల్స్‌లో ఈ హోటల్ రోజూ కనిపిస్తోంది. మట్టి ముంతలో నాటుకోడి పులుసు, పక్కన నల్లగా నిగనిగలాడే ముద్ద, మీద నెయ్యి కారుతూ... సరే, నాయనని తీసుకెళ్దాం అనుకున్నా.

ఫోన్ చేసి పన్నెండున్నరకి టేబుల్ చెప్పుకున్నాం. పన్నెండు ఇరవైకే వెళ్ళాం. లోపల కూర్చునేసరికి ఒకటీ పదిహేను. బుకింగ్ చేశాం కదండీ అంటే, రెండు నిమిషాలు సార్ అంటారు. ఆ రెండు నిమిషాలు నలభై ఐదు నిమిషాలు. బయట ఉన్నవి మూడు కుర్చీలు, మనుషులు ముప్పై మంది. నాయనకి మోకాళ్ళ నొప్పులు. గేటు పక్కనే అలంకారానికి ఒక ఎడ్లబండి పెట్టారు. ఆయన అలవాటుగా పోయి దాని మీద కూర్చోబోయాడు. వెంటనే గార్డు పరిగెత్తుకొచ్చి, సార్ సార్, అది ఫోటోలకి, కూర్చోకూడదు అన్నాడు. ముప్పై ఏళ్ళు బండి తోలిన మనిషండీ! నాయన లేచి, కాడి వైపు ఒకసారి చూసి, "చక్రానికి కందెన లేదు, ఇది యాడికీ పోదులే" అన్నాడు. ఆ రోజు మొత్తంలో నేను మనసారా నవ్వింది అప్పుడే.

లోపల చూడ్డానికి బాగుంది, కాదనను. బోదగడ్డి పైకప్పు, లాంతర్లు, గోడలకి చేటలు. సర్వర్లకి పంచె, తలపాగా. మా టేబుల్‌కి వచ్చిన కుర్రాడికి ఇరవై ఏళ్ళుంటాయేమో. నాయన ఆప్యాయంగా, "ఏం అబ్బీ, యా ఊరు మీది?" అన్నాడు. ఆ పిల్లాడికి తెలుగు రాదు, నా వైపు చూశాడు. ఒడిశా అట, వచ్చి రెండు నెలలైందట. మంచి పిల్లాడు. ఈ వీడియోలో నేను చెప్పే ఏ ఒక్క విషయంలోనూ ఆ అబ్బాయి తప్పు లేదు, ఇది ముందే చెప్తున్నా. సంగటి అంటే ఏంటో అతనికి ఎవరూ చెప్పలేదు. తలపాగా మాత్రం చుట్టేశారు.

ఏం చెప్పామంటే, సంగటి ముద్దలు మూడు, ఒక్కోటి 129. నాటుకోడి పులుసు 489. గోంగూర మటన్ 549. తెల్లన్నం 125. ఓళిగలు, అదే బొబ్బట్లు, రెండు, ఒక్కోటి 90. మంచినీళ్ళు అడిగితే బాటిలే తెచ్చారు. మామూలు నీళ్ళు ఇవ్వండి అంటే తెస్తాం సార్ అన్నారు. ఆ నీళ్ళు ఇంకా వస్తూనే ఉన్నాయి. బాటిళ్ళు రెండు, ఒక్కోటి 60.

సంగటి దగ్గర కొంచెం ఆగుదాం. తెలియనివాళ్ళ కోసం చెప్తా. మా వైపు ముందు బియ్యం గానీ నూకలు గానీ మెత్తగా, అన్నం పలుకు చితికిపోయేంత ఉడకబెడతారు. దాని మీద రాగిపిండి కుప్పగా పోసి, మూత పెట్టి, సన్న సెగ మీద మగ్గనిస్తారు. పిండి ఆవిరికి ఉడకాలి, అసలు సంగతి అక్కడే ఉంది. ఆ తర్వాత తెడ్డు పట్టుకుని కెలకాలి. మామూలుగా కాదు, గిన్నెని రెండు కాళ్ళతో అదిమి పెట్టి, చెయ్యి నొప్పి పుట్టేదాకా. ఉండ కట్టకూడదు, పచ్చి వాసన రాకూడదు. తడిచేత్తో ముద్ద చేస్తే దానికొక నునుపు వస్తుంది. తినేటప్పుడు వేలితో ముద్దలో గుంట చేసి, నెయ్యి పోసి, కొంచెం తుంచి పులుసులో అద్ది మింగుతారు. సంగటి నమలరండీ. గొంతులో దానంతటదే జారాలి.

వీళ్ళు తెచ్చిన ముద్దకి పైన చర్మం కట్టింది. వేలితో నొక్కితే పగిలింది. ఇదిగో, స్క్రీన్ మీద ఫోటో చూడండి, ఆ పగుళ్ళు కనిపిస్తున్నాయా? వేసవిలో మా చెరువు అడుగు ఇట్లాగే ఉంటుంది. అంచులు పొగలు కక్కేంత వేడి, మధ్యలో చల్లగా. పొద్దున చేసి పెట్టిన ముద్దని మైక్రోవేవ్‌లో తిప్పి తెచ్చారని చెప్పడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. విరిస్తే లోపల తెల్లటి పిండి ఉండలు. అంటే పొద్దున చేసినప్పుడు కూడా సరిగ్గా కెలకలేదన్నమాట.

ఇక నాటుకోడి. నేను పెద్ద తిండి పండితుణ్ణి కాదు కానీ కోడి విషయంలో ఎముక అబద్ధం చెప్పదు. ఫారం బ్రాయిలర్‌ని ఆరు వారాలకే కోతకి పంపేస్తారు. దాని ఎముక ఇంకా లేతగా ఉంటుంది, మెత్తటి వైపు కొరికితే కొరుకుడు పడుతుంది. నాటుకోడి పెరట్లో తిరిగి తిరిగి నెలల తరబడి పెరుగుతుంది. ఎముక రాయిలా ఉంటుంది, కండ సాగుతుంది, ఉడకడానికి బోలెడు టైం పడుతుంది. ఈకలు పీకి, మంట మీద కాల్చి, పసుపు పూసి, తోలుతోనే వండుతారు. ఆ కాల్చిన వాసన పులుసులోకి దిగుతుంది. మాకొచ్చిన ముక్కలకి తోలు లేదు. కండ స్పూన్ తగలగానే ఎముక నుంచి ఊడిపోయింది. బ్రాయిలర్‌ని బ్రాయిలర్ అని చెప్పి 250కి అమ్మితే నాకేం ఇబ్బంది? మెనూలో నాటుకోడి అని రాసి 489 తీసుకున్నారు, అదీ నా గొడవ. నాటుకోడి మార్కెట్లో కిలో ఎంతుందో వాళ్ళకీ తెలుసు, నాకూ తెలుసు.

పులుసు అన్నారు కదా, పులుసు పలుచగా, ధనియాలు, ఎండుకొబ్బరి, గసగసాల వాసనతో, కారం ముక్కుకి తగిలేట్టు ఉండాలి. ఇది చిక్కటి ఎర్ర గ్రేవీ, తియ్యగా, జీడిపప్పు పేస్టుతో. గోంగూర మటన్ తిన్నాక అర్థమైంది, అదీ ఇదే గ్రేవీ. రెండు గిన్నెలూ పక్కపక్కన పెట్టి రుచి చూశా. ఒకే తల్లి పిల్లలు. హోటళ్ళలో ఉల్లిపాయ, టమాటాతో బేస్ గ్రేవీ పొద్దున్నే చేసి పెట్టుకోవడం మామూలే, రష్‌లో అది లేకపోతే నడవదు. కానీ దాంట్లో గోంగూర నిలవ పచ్చడి రెండు గరిటెలు కలిపేసి గోంగూర మటన్ అంటే ఎట్లా? ఆకు ఉడికిన పులుపు వేరు, ఊరగాయ పులుపు వేరు. నోట్లో పెట్టగానే మెంతిపిండి తగిలింది. మటన్ మాత్రం బాగా ఉడికింది, లేనిది చెప్పకూడదు.

ఇంకో మంచి మాట కూడా చెప్పాలి. సంగటితో పాటు ఉచితంగా ఇచ్చిన చెనిక్కాయల ఊరిబిండి, అదే పల్లీల పచ్చడి, అద్భుతం. రోట్లో నూరారో ఏమో, పలుకు పలుకుగా, ఎండుమిర్చి ఘాటుతో. నాయన అన్నమంతా దాంతోనే తిన్నాడు. ఆ వంటింట్లో తెలిసిన చెయ్యి ఒకటి ఉంది. ఆ చేతికి గరిటె ఇవ్వకుండా చట్నీ దగ్గర కూర్చోబెట్టారు.

సరే, కెప్టెన్‌ని, అంటే సర్వర్ల మీద పెద్దని, పిలిచా. ఆయనకీ తలపాగా, చెవిలో బ్లూటూత్. గట్టిగా మాట్లాడలేదు, నిజంగా. సంగటి గట్టిపడిపోయింది, లోపల పిండి ఉంది, వేరేది ఇవ్వగలరా అన్నా. ఆయన ముద్ద వైపు చూడలేదు. నాయన వైపు తిరిగి, చిన్నపిల్లాడికి చెప్పినట్టు, "సార్, రాయలసీమలో సంగటి ఇట్లాగే గట్టిగా ఉంటుంది. ఫస్ట్ టైం తినేవాళ్ళకి కొంచెం కష్టంగా ఉంటుంది" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే నాయన, "అట్లనా నాయనా" అని తలకాయ ఊపాడు. వెటకారం కూడా లేదు. మనిషి పనిలో ఉన్నాడు, ఎందుకు బాధపెట్టాలని అంతే. ఆ ముద్ద మొత్తం తిన్నాడండీ. మా ఇంట్లో సంగటి పారేసే అలవాటు లేదు. ఆయన నీళ్ళు తాగి తాగి మింగుతుంటే నేను ఎదురుగా కూర్చుని చూశాను. వంట ఒక్కటే బాగాలేకపోతే నాకంత బాధ ఉండేది కాదు. ఒక రోజు వంటమాస్టర్ రాకపోవచ్చు, పిండి పాతదై ఉండొచ్చు. కానీ తినేవాడు చెప్తే ఒక్కసారి వంగి ఆ ప్లేట్ వైపు చూడాలి కదా. మేనేజర్‌ని పిలవమంటే మీటింగ్‌లో ఉన్నారన్నారు. ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి, హోటల్ మేనేజర్‌కి, మీటింగ్!

బిల్లు చూపిస్తా. తిన్నది 1850. దాని కింద సర్వీస్ ఛార్జ్ 10 శాతం, 185. ఆ మొత్తం మీద 5 శాతం జీఎస్టీ. వెరసి 2136 రూపాయల 75 పైసలు. అంటే మాకు చెయ్యని సర్వీస్‌కి ఛార్జీ, ఆ ఛార్జీకి మళ్ళీ టాక్స్.

ఇది మాత్రం శ్రద్ధగా వినండి, మీకూ పనికొస్తుంది. సర్వీస్ ఛార్జీని బిల్లులో వాళ్ళంతట వాళ్ళు కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, సీసీపీఏ, 2022 జూలై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. హోటళ్ళ సంఘాలు ఢిల్లీ హైకోర్టుకి వెళ్ళాయి. 2025 మార్చి 28న కోర్టు ఆ మార్గదర్శకాలు సరైనవేనని తీర్పు చెప్పింది. ఇవ్వాలా వద్దా అన్నది మన ఇష్టం. తీసెయ్యమంటే తియ్యాలి. తియ్యకపోతే 1915 నంబరుకి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చెయ్యొచ్చు. జీఎస్టీ వేరు, అది పన్ను, అది కట్టాల్సిందే. రెండూ కలిపి గొడవపడకండి.

నేను తీసెయ్యమన్నా. సిస్టమ్‌లో ఆటోమేటిక్‌గా వస్తుంది సార్, తియ్యడం కుదరదు అన్నాడు క్యాషియర్. 1915 అని స్పీకర్‌లో డయల్ చెయ్యడం మొదలుపెట్టా. రెండో అంకె నొక్కేలోపు సిస్టమ్ బాగైపోయింది. కొత్త బిల్లు 1942 రూపాయల 50 పైసలు. మీటింగ్‌లో ఉన్న మేనేజర్ కూడా అప్పుడే ప్రత్యక్షమయ్యాడు, "సార్, చిన్న విషయానికి ఎందుకు" అంటూ. ఆ 185 వల్ల నేను ఇల్లు కట్టుకోను, నిజమే. మరి వాళ్ళకి అంత చిన్న విషయమైతే ముందే తీసెయ్యొచ్చుగా?

ఇంకొకటుంది. బిల్లు కట్టాక ఆ ఒడిశా కుర్రాడు క్యూఆర్ కోడ్ అట్ట పట్టుకొచ్చాడు. గూగుల్‌లో ఫైవ్ స్టార్ ఇచ్చి, అందులో తన పేరు రాయమని హిందీలో బతిమాలాడు. రోజుకి ఇన్ని అని టార్గెట్ అట. పక్క టేబుల్‌వాళ్ళు ఓళిగ ఇంకా నోట్లో ఉండగానే ఫోన్ తీసి ఫైవ్ స్టార్ ఇచ్చేశారు. ఆ హోటల్ రేటింగ్ అంత గొప్పగా ఎట్లా ఉందో నాకప్పుడు తెలిసింది. మీరు ఈసారి రివ్యూలు చదివేటప్పుడు చూడండి, కూర గురించి ఒక్క ముక్క ఉండదు, సర్వర్ పేరు మాత్రం అన్నిట్లో ఉంటుంది. నేను హోటల్‌కి స్టార్లు ఇవ్వలేదు. ఆ అబ్బాయి చేతిలో వంద రూపాయలు పెట్టి వచ్చా.

ఇంతా చెప్పి నా సంగతి దాచకూడదు. పోయినేడు ఇంకో హోటల్ వాళ్ళు పిలిస్తే వెళ్ళాను. నాకు విడిగా వండి పెట్టారు, డబ్బులు తీసుకోలేదు. ఆహా ఓహో అని వీడియో చేశాను. అది పెయిడ్ అని కింద చిన్నక్షరాల్లో రాశాను, నోటితో చెప్పలేదు. ప్రకటన అయితే కనిపించేట్టు చెప్పాలని అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ 2021లోనే నిబంధనలు పెట్టింది, నాకు తెలుసు. అయినా అట్లా చేశాను. నన్ను నమ్మి ఎవరి నాయన అక్కడికెళ్ళి ఏం తిన్నాడో! ఆ వీడియో నిన్న రాత్రి తీసేశాను.

కార్లో వస్తుంటే నాయన, "ఊరిబిండి బాగుండాది రా" అన్నాడు. కాసేపాగి, "మీ ఇంట్లో పెద్ద గిన్నె ఉండాదా?" అన్నాడు. అర్థమైపోయింది నాకు. రాగిపిండి మా ఊరి మిల్లు నుంచి రేపు బస్సు పార్సిల్‌లో వస్తోంది, నాటుకోడి చూసి పెట్టమని మా వీధి చికెన్ కొట్టాయనకి చెప్పా. శనివారం నాయన కెమెరా ముందు సంగటి కెలుకుతాడు. ఒక్కటే దొరకట్లేదు, సంగటి తెడ్డు. రెండు రోజులుగా తిరుగుతున్నా, అన్నీ పలచటి గరిటెలే. హైదరాబాద్‌లో గట్టి చెక్క తెడ్డు ఎక్కడ అమ్ముతారో తెలిస్తే శుక్రవారం లోపు చెప్పండి.